దించిన చిన్న కారుకి రిమ్ము, టైరు ఎంచుకోవడం ఎలా (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినిపిస్తోందా? సరే. బోర్డు మీద అంకెలు బాగానే పడతాయి ఇవాళ. కాగితం ఉన్నవాళ్లు కాగితం మీద, లేనివాళ్లు ఫోనులో రాసుకోండి. విని వదిలేస్తే ఇంటికెళ్లేసరికి అంకెలన్నీ కలగాపులగం అవుతాయి.

స్ప్రింగులు మార్చో, కాయిలోవర్లు (ఎత్తు సర్దుకోగలిగే స్ప్రింగు, షాకబ్జర్ జతలు) వేసో కిందికి దించిన చిన్న కారుకి బయటి రిమ్ములు, అంటే కంపెనీవి కాకుండా విడిగా కొనేవి, టైర్లు ఎంచుకోవడం. ఇదీ విషయం. ఈ మాట ఎత్తగానే వచ్చే ప్రశ్న ఒకటే ఉంటుంది: "నా కారుకి 17 అంగుళాల రిమ్ము పడుతుందా?" పడుతుందండీ. దాదాపు ఏ కారుకైనా పడుతుంది. ఆగి ఉన్నంతసేపు పడుతుంది. నలుగురు ఎక్కి, డిక్కీ నిండా సామాను పెట్టి, స్టీరింగు సగం తిప్పి ఉండగా ముందు చక్రం గుంతలో దిగిందనుకోండి. అప్పుడు పడుతుందా? ఆగి ఉన్న కారుకి చక్రం ఎంచుకోవద్దు. పూర్తిగా కుంగిన కారుకి ఎంచుకోండి. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు, కారు దించితే ఏం మారుతుంది, ఏం మారదు అన్నది చూద్దాం. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. కారు 35 మిల్లీమీటర్లు దించాను కాబట్టి చక్రం ఇదివరకటికంటే 35 మిల్లీమీటర్లు ఎక్కువ పైకి వెళ్తుంది అనుకుంటారు. అలా వెళ్లదు. చక్రం ఎంత పైకి వెళ్లగలదు అన్నది స్ప్రింగు తేల్చదు. షాకబ్జర్ పొడుగు, దాని కడ్డీకి తొడిగి ఉండే బంప్ స్టాప్ అనే రబ్బరు ముక్క, ఈ రెండూ తేలుస్తాయి. పాత షాకబ్జర్లు ఉంచి స్ప్రింగులు మాత్రమే మార్చారా, బంప్ స్టాప్‌ని ముట్టుకోలేదా, అయితే చక్రం చేరే ఆఖరి ఎత్తు పాతదే. మారిందల్లా దూరం. ఇదివరకు ఆ చోటికి చేరడానికి 80 మిల్లీమీటర్లు ప్రయాణించాలి అనుకోండి, ఇప్పుడు 45 చాలు. అంటే ఎప్పుడో పెద్ద గుంతలో పడితే వెళ్లే చోటికి ఇప్పుడు రోజూ వెళ్తుంది.

మరి పైకి వెళ్లే హద్దు మారే సందర్భాలు ఉన్నాయా? ఉన్నాయి, రెండు. స్ప్రింగు తయారీదారు చెప్పాడనో, ఎవరో సలహా ఇచ్చారనో బంప్ స్టాప్ కోస్తే మారుతుంది. పొట్టి గుల్ల (షాకబ్జర్ బయటి గొట్టం) ఉన్న కాయిలోవరు వేసినా మారుతుంది. ఈ రెంటిలో ఏది చేసినా కంపెనీ వాళ్లు చూసి పెట్టిన ఖాళీ మీద ఇక భరోసా పెట్టుకోకండి. అప్పటి నుంచి కొలత మీ బాధ్యత.

ఇంకో మార్పు క్యాంబర్, అంటే ముందు నుంచి చూస్తే చక్రం నిటారు నుంచి ఎంత వాలి ఉందో ఆ కోణం. ముందు వైపు చిన్న కార్లలో ఎక్కువగా మెక్‌ఫర్సన్ స్ట్రట్ ఉంటుంది, అంటే స్ప్రింగు, షాకబ్జర్ ఒకే నిలువు జతగా ఉండేది. దించినప్పుడు చక్రం పైభాగం కాస్త లోపలికి వాలుతుంది, కారును బట్టి అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ దాకా. 630 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న టైరుకి ఒక డిగ్రీ అంటే పై అంచు 5, 6 మిల్లీమీటర్లు లోపలికి జరిగినట్టు. ఆ ఖాళీ చూసి మురిసిపోకండి. కింది ఆర్ము (చక్రాన్ని కింద నుంచి కారు చట్రానికి కలిపే చెయ్యి) బయటి కొస లోపలి కొసకంటే పైకి లేచేంతగా కారు దించేస్తే, అక్కడి నుంచి చక్రం ఇంకా పైకి వెళ్తున్నకొద్దీ ఆ వాలు పెరగడం తగ్గిపోతుంది, ఆ తర్వాత వెనక్కి కూడా తిరుగుతుంది. ఆగి ఉన్నప్పుడు కనిపించిన ఖాళీ కుంగినప్పుడు దొరక్కపోవచ్చు.

వెనక సంగతి వేరు. చాలా చిన్న కార్లకి వెనక టోర్షన్ బీమ్, అంటే రెండు వెనక చక్రాలనీ కలిపే అడ్డ దూలం, ఉంటుంది. దానికి ఎంత దించినా క్యాంబర్ దాదాపు మారదు. చక్రం నిటారుగానే పైకి వెళ్లి ఫెండరు (చక్రం మీద కప్పే బాడీ రేకు) అంచుని కలుసుకుంటుంది. అందుకే బయటి వైపు రాపిడి చాలా కార్లలో వెనక చక్రాలకే ముందుగా మొదలవుతుంది. సామాను బరువు పడేదీ అక్కడే.

ఇప్పుడు లెక్కలు. ఒక ఉదాహరణ కారు పెట్టుకుందాం, చివరిదాకా ఇదే. కంపెనీ రిమ్ము 6.5జే × 16 (వెడల్పు 6.5 అంగుళాలు, వ్యాసం 16 అంగుళాలు), ఈటీ45 (ఈటీ అంటే ఏంటో కాసేపట్లో చెప్తాను). టైరు 205/55 ఆర్16. బోల్టు వృత్తం 5×114.3, అంటే ఐదు బోల్టులు, వాటి నడుమల గుండా పోయే వృత్తం వ్యాసం 114.3 మిల్లీమీటర్లు. రాసుకున్నారా?

టైరు వ్యాసం ఎలా వస్తుంది? వెడల్పు 205లో 55 శాతం, అంటే 112.75. ఇది పక్కగోడ ఎత్తు. పైన ఒకటి, కింద ఒకటి, రెండు కలిపితే 225.5. రిమ్ము 16 అంగుళాలు, ఒక్కో అంగుళం 25.4, మొత్తం 406.4. రెండూ కూడితే 631.9 మిల్లీమీటర్లు. కొత్త టైరు దీనికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

17 అంగుళాలకి వెళ్తే 215/45 ఆర్17 వ్యాసం 625.3. పాతదానికంటే ఒక శాతం తక్కువ. 225/45 ఆర్17 అయితే 634.3, కాస్త ఎక్కువ. 205/45 ఆర్17 అయితే 616.3, రెండున్నర శాతం తక్కువ. దించిన కారుకి నేను ఎప్పుడూ అసలు కొలతకంటే కొద్దిగా తక్కువ వైపే మొగ్గుతాను. ఎందుకంటారా? టైరు చిన్నదైతే ఫెండరు కింద ఖాళీ పెరుగుతుంది, స్పీడోమీటరు అసలు వేగంకంటే కొంచెం ఎక్కువే చూపిస్తుంది. టైరు పెద్దదైతే ఈ రెండూ తలకిందులవుతాయి. మీటరు 100 చూపిస్తుంటే బండి నిజానికి ఇంకా ఎక్కువ వేగంతో పోతూ ఉండొచ్చు, అది ప్రమాదం. మరి ఇంకా చిన్నది వేద్దామా అంటే, వ్యాసం ఎంత తగ్గితే అందులో సగం కారు అడుగు నేలకి దగ్గరవుతుంది. ఇప్పటికే దించిన కారు కదా. ఒక శాతం, మహా అయితే రెండు శాతం తక్కువ దగ్గర ఆగిపోండి.

18 అంగుళాల సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 225/40 ఆర్18 పక్కగోడ ఎత్తు 90 మిల్లీమీటర్లు. కంపెనీ టైరుది 113. దించిన కారుకి సస్పెన్షన్ ప్రయాణం ముందే తగ్గింది, ఆపైన పక్కగోడ కూడా తగ్గిస్తే గుంత దెబ్బ తినడానికి మిగిలేది రిమ్మే. 16 నుంచి 17, అంటే ఒక అంగుళం పెంచడం సబబు. రెండు అంగుళాలు పెంచితే వంగిన రిమ్ములకి, ఉబ్బిన పక్కగోడలకి సిద్ధపడాలి.

ఇక ఆఫ్‌సెట్, అంటే ఈటీ. దీని దగ్గరే ఎక్కువమంది తడబడతారు. రిమ్ము వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఒక గీత ఊహించుకోండి. హబ్బుకి, అంటే కారు వైపు చక్రాన్ని బిగించే భాగానికి, అతుక్కునే చదును ముఖం ఆ గీతకంటే బయటి వైపు ఎన్ని మిల్లీమీటర్లు ఉందో అదే ఈటీ. ఈటీ తగ్గిందంటే చక్రం బయటికి వస్తుంది. పెరిగిందంటే లోపలికి వెళ్తుంది.

రిమ్ము వెడల్పులో సగం తీసుకోండి. అందులోంచి ఈటీ తీసేస్తే హబ్బు ముఖం నుంచి బయటి అంచు దూరం. ఈటీ కలిపితే లోపలి అంచు దూరం. కంపెనీ రిమ్ము 6.5జేలో సగం 82.5. బయటికి 82.5 లోంచి 45 తీస్తే 37.5. లోపలికి 45 కలిపితే 127.5. కొత్త రిమ్ము 7.5జే, ఈటీ40 అనుకోండి. సగం 95.2. బయటికి 55.2, లోపలికి 135.2. అంటే రిమ్ము బయటికి దాదాపు 18 మిల్లీమీటర్లు, లోపలికి 8 మిల్లీమీటర్లు జరిగింది.

ఈ 18 చూసి గుండె జారిపోయిందా? ఇక్కడే ఒక్క నిమిషం ఆగండి. ఆన్‌లైన్ లెక్కల పట్టీలు చాలావరకు ఇక్కడితో వదిలేస్తాయి. ఫెండరుకి తగిలేది రిమ్మా, టైరా? టైరు. 205/55 ఆర్16 టైరు 6.5జే రిమ్ము మీద గాలి కొట్టినప్పుడు దాని అసలు వెడల్పు 214 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, 205 కాదు. సగం 107. అందులోంచి 45 తీస్తే బయటి పక్కగోడ హబ్బు ముఖం నుంచి 62 దగ్గర ఉంది. 215/45 ఆర్17 టైరు 7 అంగుళాల రిమ్ము మీద 213, రిమ్ము అర అంగుళం పెరిగితే టైరు ఓ 5 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది, కాబట్టి 7.5జే మీద 218. సగం 109. ఈటీ 40 తీస్తే 69. అంటే టైరు బయటికి వచ్చింది 7 మిల్లీమీటర్లే. 18 కాదు, 7. లోపలి వైపు చూడండి. పాతది 107, 45 కలిపితే 152. కొత్తది 109, 40 కలిపితే 149. టైరు స్ట్రట్‌కి 3 మిల్లీమీటర్లు దూరం జరిగింది! రిమ్ము లోపలికి వెళ్లింది, టైరు బయటికి వచ్చింది. రెండూ నిజమే. అందుకే రిమ్ము లెక్క ఒక్కటే చూసి భయపడొద్దు, ధైర్యపడొద్దు. టైరు లెక్క కూడా వేయండి. టైరు అసలు వెడల్పు బ్రాండుని బట్టి కొన్ని మిల్లీమీటర్లు మారుతుంది, కాబట్టి మీరు కొనబోయే టైరు తయారీదారు పట్టికలో సెక్షన్ విడ్త్ చూసుకోండి.

దీనికి ఇంకో ముఖం ఉంది. 6.5 రిమ్ము మీద టైరు పొట్ట రిమ్ము అంచుకంటే బయటికి ఉబ్బి ఉండేది. ఫుట్‌పాత్ రాయికి తగిలినా ముందు రబ్బరే తగిలేది. 7.5 మీద టైరు గోడ, రిమ్ము అంచు దాదాపు ఒక వరసలోకి వస్తాయి. పార్కింగు దగ్గర జాగ్రత్త.

మరి 8జే, ఈటీ35 వేస్తే? అదే లెక్క వేయండి. రిమ్ము 29 మిల్లీమీటర్లు బయటికి. దాని మీద 225/45 టైరు 230 వెడల్పుకి వస్తుంది, సగం 115, 35 తీస్తే 80. పాతది 62. టైరే 18 మిల్లీమీటర్లు బయటికి వచ్చింది. పైగా వ్యాసం కూడా పెరిగింది. దించిన చిన్న కారు వెనక ఫెండరు దీన్ని మామూలుగా భరించదు. ఇంకో చిక్కు స్టీరింగు దగ్గర. ఈటీ బాగా తగ్గితే స్టీరింగు తిరిగే ఇరుసు గీత నుంచి టైరు మధ్యభాగం దూరమైపోతుంది. గుంతలో ఒక చక్రం పడితే స్టీరింగు చేతిలోంచి గుంజుకుంటుంది, హబ్బు బేరింగు మీద భారం పెరుగుతుంది. రిమ్ము మధ్యగీత కంపెనీ చోటు నుంచి 10 మిల్లీమీటర్లకంటే ఎక్కువ కదలకుండా చూసుకోమంటాను.

లోపలి వైపు గురించి ఒక విషయం చెప్పాలి, దీన్ని చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటారు. కారు దించితే టైరు స్ట్రట్‌కి దగ్గరవుతుందా? కాదు. స్ట్రట్ కింది భాగం నకిల్‌కి (హబ్బుని పట్టి ఉంచే లోహపు దిమ్మెకి) బోల్టులతో బిగించి ఉంటుంది. చక్రం, స్ట్రట్ గుల్ల రెండూ కలిసే పైకి, కిందికి కదులుతాయి. కాబట్టి ఎత్తు మారినా వాటి మధ్య దూరం మారదు. అయితే కాయిలోవరు వేసినప్పుడు ఒకటి మారుతుంది. మామూలు స్ట్రట్‌కి స్ప్రింగు కూర్చునే పళ్లెం టైరు పైన, ఎత్తులో ఉంటుంది. కాయిలోవరుకి ఆ పళ్లెం మరల మీద తిరుగుతూ కిందికి వస్తుంది. ఎక్కువ దించితే అది టైరు పక్కకి దిగుతుంది. ఐదు మిల్లీమీటర్ల ఖాళీ ఉన్న చోట పళ్లెం వచ్చి కూర్చుంటే ఇక మిగిలేది ఏముంది? అందుకని కాయిలోవరు ఎత్తు ముందు ఖాయం చేసుకోండి, ఆ తర్వాతే రిమ్ము కొనండి. ఈ క్రమం తప్పొద్దు.

క్యాంబర్ సర్దేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త. నకిల్ దగ్గర క్యాంబర్ బోల్టు వేసి చక్రాన్ని వాలిస్తే టైరు పైభాగం స్ట్రట్ వైపు వస్తుంది, ఖాళీ తగ్గుతుంది. స్ట్రట్ పైన ఉండే క్యాంబర్ ప్లేటుతో వాలిస్తే స్ట్రట్, చక్రం కలిసి వాలుతాయి, ఖాళీ మారదు. అదే క్యాంబర్, రెండు దారులు, రెండు ఫలితాలు. లోపల ఖాళీ తక్కువైనవాళ్లు పై ప్లేటు దారినే వెళ్లాలి.

సరే. ఇక అసలు పరీక్ష. లెక్కలు ఎన్ని వేసినా ఇది చేయకుండా రిమ్ములకి డబ్బు కట్టొద్దు. కొత్త రిమ్ము చేతిలో లేకపోయినా చేయొచ్చు. పాత చక్రంతో ఖాళీలు కొలిచి, ఇందాకటి లెక్కలో వచ్చిన తేడాలు తీసివేయడమే.

కారుని చదునైన గట్టి నేల మీద స్టాండ్ల మీద నిలబెట్టండి. జాకీ మీద కాదు, స్టాండ్ల మీద. ముందు స్ట్రట్ విప్పి, స్ప్రింగు కంప్రెసరుతో స్ప్రింగు బయటికి తీయండి. నొక్కి ఉన్న స్ప్రింగు జారితే మనిషి ప్రాణం మీదికి వస్తుంది. అలవాటు లేనివాళ్లు ఈ ఒక్క పని మెకానిక్కుకి అప్పజెప్పండి. స్ప్రింగు లేకుండా షాకబ్జర్, బంప్ స్టాప్, పై మౌంటు మాత్రం కలిపి మళ్లీ బిగించండి. యాంటీ రోల్ బారు (మలుపులో కారు ఒరగకుండా రెండు వైపుల చక్రాలనీ కలిపే కడ్డీ) లింకు ఒక వైపు విప్పేయండి, లేకపోతే అది అడ్డుపడి చక్రాన్ని పైకి రానివ్వదు. గాలి నిండిన చక్రం తొడగండి. ఇప్పుడు కింది ఆర్ము చివర, బాల్ జాయింటు దగ్గర జాకీ పెట్టి మెల్లగా లేపండి. బంప్ స్టాప్ తగిలిన చోట ఆగిపోకండి. అది మెత్తటి రబ్బరు, పెద్ద గుంతలో సగానికి పైగా నలుగుతుంది. అంతదాకా లేపాలి. స్టాండు మీద నుంచి కారు లేవడం మొదలైందేమో గమనిస్తూ ఉండండి, లేస్తే అక్కడే ఆపండి.

ఆ ఎత్తులో స్టీరింగు తిన్నగా ఉంచి చూడండి. తర్వాత పావు వంతు, సగం, పూర్తిగా, రెండు వైపులా. ఎందుకిన్ని చోట్లు? పూర్తిగా తిప్పినప్పుడు తగలనిది సగం తిప్పినప్పుడు తగలొచ్చు. ఫెండరు అంచు టైరు భుజానికి ఎదురుగా వచ్చేది చాలాసార్లు ఆ మధ్యలోనే. ప్రతిచోటా చూడాల్సినవి ఇవి: బయట ఫెండరు అంచు, బంపరు ఫెండరుని కలిసే మూల, ముందు వెనక ప్లాస్టిక్ లైనర్ (ఫెండరు లోపలి తొడుగు), లోపల స్ట్రట్, స్ప్రింగు పళ్లెం, పూర్తిగా తిప్పినప్పుడు యాంటీ రోల్ బారు, ఛాసిస్ రైలు (కారు చట్రం దూలం), బ్రేకు గొట్టం, ఏబీఎస్ తీగ. చెయ్యి దూరని చోట పిల్లలు ఆడుకునే బంకమన్ను ఉండ అంటించండి. చక్రం తిప్పి, దించి, నలిగిన ఉండ మందం కొలిస్తే అదే ఖాళీ.

ఎంత ఖాళీ చాలు? నేను పెట్టుకునే హద్దు చెప్తాను. స్ట్రట్, టైరు కలిసే కదులుతాయి కాబట్టి అక్కడ 5 మిల్లీమీటర్లు చాలు. మిగతా చోట్ల బుష్ రబ్బర్లు సాగుతాయి, మలుపులో టైరు పక్కకి వంగుతుంది, అందుకని 10. బ్రేకు కాలిపర్‌కి (డిస్కుని నొక్కిపట్టే భాగానికి), రిమ్ము ఊచలకి మధ్య 3 మిల్లీమీటర్లు ఉండాలి. కాలిపర్ సంగతి ఈటీ అంకె చెప్పదు సుమా. ఒకే ఈటీ ఉన్న రెండు రిమ్ముల్లో ఒకదాని ఊచలు తిన్నగా దిగి కాలిపర్‌కి తగులుతాయి, ఇంకోదాని ఊచలు బయటికి వంగి దాటిపోతాయి. రిమ్ము తొడిగి చూడాలి, లేదా తయారీదారు ఇచ్చే బ్రేకు టెంప్లేటు అట్ట కత్తిరించి పెట్టి చూడాలి.

వెనక టోర్షన్ బీమ్ కార్లకి పని తేలిక. చాలావాటికి స్ప్రింగు షాకబ్జర్‌తో కలవకుండా విడిగా ఉంటుంది. రెండు స్ప్రింగులూ తీసి, బీముని మొదట రెండు వైపులా సమంగా లేపి చూడండి. తర్వాత ఒక వైపు మాత్రమే లేపండి. ఒక చక్రం మాత్రమే గుంతలో పడితే బీము మెలిపడి చక్రం వేరే కోణంలో పైకి వస్తుంది. ఈ రెండో పరీక్ష చాలామంది మానేస్తారు.

హబ్బు దగ్గర విషయాలు త్వరగా చెప్పేస్తాను. బోల్టు వృత్తం కచ్చితంగా కలవాలి. 5×112, 5×114.3 మధ్య తేడా 2.3 మిల్లీమీటర్లే కదా, లాగి బిగిస్తే సరిపోతుంది అనేవాళ్లు ఉన్నారు. సరిపోదు. నట్టు ఒక పక్కకి ఒరిగి కూర్చుంటుంది, స్టడ్డు (నట్టు ఎక్కే మర కడ్డీ) వంగుతుంది, నడుస్తుంటే వదులవుతుంది. ఐదు రంధ్రాల వృత్తం కొలవాలంటే పక్కపక్క రెండు స్టడ్ల మధ్య దూరాన్ని 1.701తో గుణించండి. ఆ దూరం 67.2 ఉంటే వృత్తం 114.3. 65.8 ఉంటే 112. మధ్య రంధ్రం బయటి రిమ్ములకి పెద్దదిగా ఉంటుంది, 73.1 లాంటిది. మీ హబ్బు 67.1 అయితే ఆ ఖాళీకి సరైన రింగు వేయండి. రింగు బరువు మోయదు, బిగించేటప్పుడు చక్రాన్ని నడిమధ్యన కూర్చోబెడుతుంది. అది లేకపోతే బ్యాలెన్సింగు ఎన్నిసార్లు చేయించినా స్టీరింగు వణుకు పోదు.

నట్టు కూర్చునే ముఖం చూడండి. కొన్ని కంపెనీ రిమ్ములకి గుండ్రటి సీటు, బయటి రిమ్ములకి ఎక్కువగా 60 డిగ్రీల శంకువు సీటు. గుండ్రటి నట్టు శంకువులో వేస్తే సన్నటి గీత మీద మాత్రమే ఆనుతుంది, బిగింపు నిలవదు. నట్టు ఎన్ని చుట్లు పడుతోందో లెక్కపెట్టండి. ఎం12×1.5 (12 మిల్లీమీటర్ల మందం, మర గీతల మధ్య 1.5) స్టడ్డుకి కనీసం 8 చుట్లు, ఎం12×1.25కి 10 చుట్లు. స్పేసరు (హబ్బుకి, రిమ్ముకి మధ్య పెట్టే బిళ్ల) వేస్తే ఆ మందం మేరకు చుట్లు తగ్గుతాయి, ఈటీ కూడా అంతే తగ్గుతుంది. ఈటీ45కి 5 స్పేసరు వేస్తే ఈటీ40. పలచటి స్పేసరు వేసినప్పుడు హబ్బు మధ్య పెదవి రిమ్ములోకి అందుతోందా అని చూడండి. అందకపోతే వేయొద్దు. టార్క్ మీ కారు పుస్తకంలో ఉన్న అంకే. చిన్న కార్లకి సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. టార్క్ పానతో, నక్షత్రం వరసలో, చక్రం గాలిలో ఉండగా సగం, నేల మీదికి దించి పూర్తిగా. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక మళ్లీ ఒకసారి.

బరువు సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి, ఎందుకంటే ఇది అందం కాదు, భద్రత. టైరు మీద కొలత పక్కన 91వీ అని ఉంటుంది. అంకె బరువుకి, అక్షరం వేగానికి. 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది. 87 అంటే 545. 84 అంటే 500. మన ఉదాహరణ కారుకి కంపెనీ ఇచ్చింది 91 అనుకుందాం. 215/45 ఆర్17 టైరు మామూలు రకంలో 87 వస్తుంది, ఎక్స్‌ఎల్ (ఎక్కువ బరువు మోసే) రకంలో 91 వస్తుంది. ఎక్స్‌ఎల్ తీసుకుంటే సరిపోయిందా? సగమే సరిపోయింది. మామూలు టైరు తన పూర్తి బరువు మోసేది 2.5 బార్ గాలి దగ్గర. ఎక్స్‌ఎల్ టైరు తన పూర్తి బరువు మోసేది 2.9 బార్ దగ్గర. ఎక్స్‌ఎల్‌లో 2.5 కొడితే అది మోసేది 545 చుట్టుపక్కలే, అంటే 87 టైరుతో సమానం. కాబట్టి పాత గాలి అంకెనే కొట్టొద్దు, కొంచెం పెంచాలి. గాలి తక్కువైన పలచటి గోడ టైరు గుంతలో రిమ్ముకి, రాయికి మధ్య నలిగి లోపలి దారాలు తెగుతాయి. బయటికి కనిపించేది పక్కగోడ మీద బుడిపె. ఆ బుడిపె వచ్చిన టైరు మీద ఇంకో కిలోమీటరు కూడా నడపకండి. రిమ్ముకీ బరువు హద్దు ఉంటుంది, లోపలి వైపు పోతపోసి ఉంటుంది. కారు ఇరుసుకి రాసిన గరిష్ఠ బరువులో సగానికి తక్కువ ఉండకూడదు. అసలు ఆ అంకే లేని రిమ్ము అయితే వద్దు.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. మీరు, మధ్య వరసలో. "టైరు రాసుకుంటోంది, ఎక్కడో తెలియడం లేదు" అంటున్నారు. టైరు మీద గుర్తే చెప్తుంది. బయటి భుజం మీద కత్తితో గీసినట్టు సన్నటి కోత ఉంటే ఫెండరు అంచు. నడక భాగం మీద వెడల్పుగా మెరుపు ఉంటే లైనర్ పైకప్పు. లోపలి పక్కగోడ మీద చుట్టూ ఒకే ఎత్తులో గీత పడితే, తిన్నగా నడిపినా వస్తోందా చూడండి. తిన్నగా ఉన్నా వస్తే స్ట్రట్ లేదా పళ్లెం, పూర్తిగా తిప్పినప్పుడే వస్తే యాంటీ రోల్ బారు లేదా రైలు. లైనర్ అయితే వేడి గాలితో మెత్తబరిచి వెనక్కి నొక్కితే చాలు. లోపల లోహానికి తగిలితే మాత్రం వెంటనే ఆపాలి, పక్కగోడ కోసుకుపోతుంది.

ఫెండరు అంచు మడిచేయొచ్చా అని అడుగుతున్నారు. చేయొచ్చు. రంగుని వేడి గాలితో బాగా వెచ్చబరిచి, కొద్దికొద్దిగా మడవాలి. చల్లటి రంగు పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలోంచి తుప్పు మొదలవుతుంది. మడిచాక అంచు లోపల సీలెంటు పూయాలి. కానీ 7.5జే, ఈటీ45 దొరికితే అంచు ముట్టుకోకుండానే పని అయిపోయే కారుకి, 8జే ఈటీ35 కోసం అంచు మడవడం ఎందుకు? లోహాన్ని వంచడం ఆఖరి దారి.

అదిగో అక్కడ, సన్నటి టైరుని వెడల్పు రిమ్ము మీద సాగదీసి వేయడం గురించి. వద్దండీ. ప్రతి టైరుకీ ఒప్పుకునే రిమ్ము వెడల్పు ఉంటుంది. 205/55 ఆర్16కి 5.5 నుంచి 7.5. 215/45 ఆర్17కి 7 నుంచి 8. అది దాటి సాగదీస్తే టైరు గట్టు (రిమ్ములో కూర్చునే అంచు) రిమ్ముని వదిలేసే ప్రమాదం ఉంది, మలుపులో గాలి ఒక్కసారిగా పోతుంది.

అలైన్‌మెంట్ ఎప్పుడు? కొత్త స్ప్రింగులు కొన్ని వందల కిలోమీటర్లకి కొద్దిగా కూర్చుంటాయి, ఆ తర్వాత పూర్తి అలైన్‌మెంట్. అయితే దించిన రోజే టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మాత్రం సరిచేయించండి. దించితే టో తప్పకుండా మారుతుంది. కొత్త టైర్ల లోపలి అంచుని అరగదీసేది ఎక్కువగా అదే, నింద మాత్రం క్యాంబర్ మీదికి పోతుంది.

ఆఖరి ప్రశ్న స్టెప్నీ గురించి, మంచి ప్రశ్న. పాత 16 అంగుళాల చక్రమే స్టెప్నీగా ఉంచుకోవచ్చు, వ్యాసం ఒక శాతమే తేడా. కానీ పాత నట్లు పారేయకండి. కొత్త రిమ్ము నట్టు సీటు వేరైతే అది పాత రిమ్ముకి పనికిరాదు. నట్టుకి ప్రత్యేక తాళం పాన ఉంటే అదీ డిక్కీలోనే ఉండాలి. నట్లు కాకుండా బోల్టులు వచ్చే కార్లవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. స్పేసరు కోసం పొడుగు బోల్టులు వేసి ఉంటే, స్పేసరు తీసి స్టెప్నీకి అవే బిగించొద్దు. కొస హబ్బు వెనక్కి పొడుచుకువచ్చి బ్రేకు భాగాలకో, ఏబీఎస్ సెన్సరుకో తగులుతుంది. పాత పొట్టి బోల్టులు ఒక సెట్టు గుడ్డలో చుట్టి స్టెప్నీ గూటిలో పెట్టుకోండి.